గుండుకు నేను చెప్పిన సాకు

పోయిన నెల మా పాత ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు కీర్తన. నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి వచ్చిన మెడికల్ సోషల్ వర్కర్. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ఇంట్లో సగం అరవం మాట్లాడే రకం. తెలుగు పేషెంట్లు వస్తే మాటలు తడుముకుంటుంది కాబట్టి అప్పుడప్పుడూ నన్ను ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. ఆ రోజు మాత్రం అడగడానికి కాదు, మెచ్చుకోవడానికి చేసింది.

“మేడం, మీ తిరుపతి ఐడియా ఇప్పటికీ ఈడ నడస్తా ఉంది తెలుసా? నిన్న ఒకామెకి అదే చెప్పినా. ఎంత సంతోషపడిపోయిందో! డిపార్ట్‌మెంట్‌లో అందరూ మీ పేరే చెప్తారు మేడం.”

నేను ఫోన్ పెట్టేశాను. మర్యాద కాదని తెలుసు. కాసేపటికి మళ్ళీ నేనే చేసి, “ఆమె ఇంటికి వెళ్ళావా?” అని అడిగాను. “లేదు మేడం, ఆమె రావొద్దనింది,” అంది.

ఆ మాట విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను. తిరుపతి ఐడియా అంటే ఏమిటో, దాన్ని కనిపెట్టినందుకు నేనెంత మురిసిపోయానో కీర్తనకు తెలుసు. దాని వల్ల ఒకామె ఎలా పోయిందో తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు నా తెలివితేటలు నేర్చుకుని నా తప్పు నేర్చుకోకపోతే, దానికి బాధ్యత నాదే.

సొరుగులో పసుపు తాడు

కేన్సర్ ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అంటే ఫారాలు నింపే మనిషి అనుకుంటారు చాలామంది. ఫారాల సంగతి నేను రాయను. అవి ఎవరైనా నింపగలరు. డాక్టరు మందు రాస్తాడు, నర్సు సూది గుచ్చుతుంది, ఆ తర్వాత ఆ మనిషి ఇంటికి వెళ్తుంది. ఆ ఇంట్లో ఆమె మళ్ళీ ఆసుపత్రికి రాగలిగేలా చూడటమే మా పని. ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ కష్టం. మగవాడికి జబ్బు చేస్తే ఇల్లంతా ఆయన మంచం చుట్టూ తిరుగుతుంది. ఆడదానికి జబ్బు చేస్తే, ఆమె మంచం దిగి వండి, మళ్ళీ మంచమెక్కాలి. ముప్పై ఏళ్ళు చూశాను. ఇందులో నాకేమీ సందేహం లేదు.

నేను చేరిన కొత్తలో ఒకామె స్కానింగు గది బయట మూడు గంటలు ఏడుస్తూ కూర్చుంది. ఒంటి మీద లోహం ఉండకూడదు, తాళి తీయమన్నారు. ఆమె తీయనంది. డాక్టరు అరిచాడు, భర్త బతిమాలాడు, ఆమె కదల్లేదు. మర్నాడు నేను ఇంటి నుంచి ఒక పసుపు కొమ్ము, దారం తెచ్చాను. దారానికి పసుపు పూసి, కొమ్ము కట్టి, భర్త చేత ఆమె మెడలో వేయించాను. అది మెడలో పడ్డాక బంగారం తీసి ఇచ్చేసింది. మా అమ్మమ్మ వాళ్ళు తాళి తెగినప్పుడు చేసే పనే అది, నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మొదట డాక్టర్లు నవ్వారు. తర్వాత వాళ్ళే “ఆ పసుపు మేడంని పిలవండి” అనేవాళ్ళు. నా సొరుగులో ఎప్పుడూ పది పసుపు తాళ్ళు ఉండేవి.

అలా నాకో పేరొచ్చింది. ఈమె దగ్గర ప్రతిదానికీ ఒక ఉపాయం ఉంటుందని. ఆ పేరే కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకరిది.

పెద్ద మేడం

మా విభాగానికి పెద్దావిడ ఒకరు ఉండేవారు. మేమంతా పెద్ద మేడం అనేవాళ్ళం. నూలు చీర, చేతిలో గొడుగు, ముక్కు మీద కోపం. అరవంలోనే తిట్టేది, అరవంలోనే ముద్దు చేసేది. చేరిన మొదటి రోజే నాకు ఒక మాట చెప్పింది.

“పేషెంటు నీ ముందు కూర్చుని ఏమైనా చెప్పనీ. నువ్వు వాళ్ళింటికి వెళ్ళు. హాల్లో కాదు, వంటింట్లో కూర్చో. అక్కడ ఎవరు వండుతున్నారో చూడు. అది చూస్తే ఆమె మందు పూర్తి చేస్తుందో లేదో నీకే తెలుస్తుంది.”

మొదట్లో వెళ్ళేదాన్ని. తర్వాత ఓపీలో జనం పెరిగారు, ఎండలో బస్సులు మారి వెళ్ళడం విసుగనిపించింది. వెళ్ళకుండానే ఇంటి సంగతి గ్రహించగలనన్న గర్వం కూడా పెరిగింది. పెద్ద మేడంది పాతకాలం పద్ధతి అనుకున్నాను. ఆవిడ గొడుగు పట్టుకుని బయటికి వెళ్తుంటే మేము వెనక నవ్వుకునేవాళ్ళం.

ధనలక్ష్మి

ధనలక్ష్మికి అప్పుడు నలభై రెండేళ్ళు. జార్జి టౌన్‌లో శుభలేఖలు హోల్‌సేల్‌గా అమ్మే కుటుంబం. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో అత్తగారు అలివేలమ్మ, భర్త గురుమూర్తి, ఇద్దరు పిల్లలు, మరిది, తోడికోడలు సరళ, వాళ్ళ పిల్లలు. అయిదు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు. ఆ ఇంటి వంటిల్లు ధనలక్ష్మిది. సరళ కూరలు తరిగి ఇవ్వాలి, పొయ్యి దగ్గర మాత్రం ధనలక్ష్మే.

రొమ్ములో గడ్డ. ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేద్దామన్నాడు డాక్టరు. గురుమూర్తి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె ఏడవలేదు. నా గదికి వచ్చాక ఒక్కటే అడిగింది.

“జుట్టు పోతాదా మేడం?”

నడుము దాటిన జడ ఆమెది. అందుకే బాధపడుతోందనుకుని విగ్గుల గురించి మొదలుపెట్టాను. ఆమె ఆపేసింది.

“జుట్టు కోసం కాదు మేడం. జుట్టు పోతే ఇంట్లో తెలిసిపోతాది.”

“తెలిస్తే ఏమవుతుంది?”

ఆమె భర్త వైపు చూసి, ఆయన్ని కాఫీ తెమ్మని పంపింది. ఆ తర్వాత చెప్పింది.

“మా అత్త వాళ్ళ అక్క మా ఇంట్లోనే ఉండె మేడం. పెద్దత్త అనేవాళ్ళం. నేను కాపురానికి వచ్చిన ఏడు ఆమెకీ ఇదే జబ్బు. వేరే ప్లేటు, వేరే లోటా. కొళాయి కాడ ఒక మూల పెట్టేది, ఎవురూ తాకకూడదు. వంటింట్లోకి ఆమె రానే రాదు. నేనే అన్నం వేసేదాన్ని. పైనుంచి వేసేదాన్ని, గరిటె ఆ ప్లేటుకి తగలకుండా. ఆమె నన్ను చూసి నవ్వేది మేడం, ఏమీ అనేది కాదు. ఇప్పుడు ఆ ప్లేటు నాకొస్తాది. ఆ వంటిల్లు తప్పితే ఆడ నాకేముంది చెప్పండి?”

కేన్సర్ అంటువ్యాధి కాదని చెప్పాను.

“అది మీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. మా అత్తకి ఎవురు చెప్పేది?”

“నేను చెప్తాను. ఇంటికి వచ్చి, కూర్చోబెట్టి చెప్తాను.”

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వద్దు మేడం, మీకు దణ్ణం పెడతా. మీరు మెట్లెక్కి వస్తే ఎవురీమె, ఎందుకొచ్చిందని ఇల్లంతా అడుగుతారు. మీరు రావద్దు.”

నేను సరేనన్నాను. నా తప్పు అక్కడ మొదలైంది. పేషెంటు రావద్దంటే వెళ్ళకూడదు, అది నియమం. కానీ ఎందుకు వద్దంటోందో, ఆమె భయం నిజమో కాదో తెలుసుకోవడానికి ఇంకో దారి వెతకాలి. గురుమూర్తిని విడిగా కూర్చోబెట్టి అడగొచ్చు. సరళను ఏదో వంకతో పిలిపించమనొచ్చు. నేనేమీ చేయలేదు. ఆమె చెప్పిన ప్లేటు కథ నమ్మాను. అలాంటి ప్లేట్లు చాలా ఇళ్ళల్లో చూశాను కాబట్టి ఆ ఇంట్లోనూ అంతే అనుకున్నాను.

లడ్డూ

ఉపాయం అప్పటికప్పుడే తోచింది. చిటికె వేసినట్టు తోచింది. ఆ చురుకుతనం తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

“మీ ఆయనకి పోయినేడు కాలు విరిగిందన్నావు కదా,” అన్నాను. “ఆయన మళ్ళీ నడిస్తే తలనీలాలిస్తానని తిరుపతికి మొక్కుకున్నావని చెప్పు. జుట్టు రాలడం మొదలవకముందే వెళ్ళి గుండు చేయించుకుని రా. ఎవరూ ఏమీ అడగరు.”

ఆమె ముఖం చూడాలి. జబ్బు పేరు విన్న ఈ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. “మీరు మా ఇంట్లో పుట్టాల్సింది మేడం!” అంది. కాఫీ తెచ్చిన గురుమూర్తికి చెబితే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. “ఈడికి వచ్చే రోజులకి నా కాలికి వైద్యమని చెప్తా. తోడుకి ఆమె వస్తా ఉందంటా.” ముగ్గురం కలిసి దొంగ పిల్లల్లాగా నవ్వుకున్నాం.

రెండో విడత మందుకి వచ్చినప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ గుండ్లే. గంధం ఇంకా చెవుల వెనక అంటుకుని ఉంది. నాకు లడ్డూ తెచ్చారు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చిదిపి పెట్టి, నా ఉపాయం చెప్పాను. అందరూ భలే అన్నారు. ఆ రోజు నుంచే అది “తిరుపతి ఐడియా” అయింది. ఒక్క పెద్ద మేడం మాత్రం లడ్డూ తీసుకుని, కళ్ళకద్దుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

ధనలక్ష్మి నా గదిలో కూర్చుని సంబరంగా చెప్పింది. “మా ఇళ్ళల్లో ముత్తైదువులు మూడు కత్తెర్లిచ్చి వచ్చేస్తారు మేడం. నేను పూర్తిగా ఇచ్చినానని మా అత్త వీధంతా చెప్పుకుంటా ఉంది. నిన్న ఎదురింటామె వచ్చి నా కాళ్ళు తాకింది. నాకు సిగ్గయిపోయింది.”

నేను నవ్వాను. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. జబ్బు మనిషిని భక్తురాలిని చేసి ఇంట్లో కూర్చోబెట్టాను. జబ్బు మనిషైతే కూర్చోమంటారు. భక్తురాలినైతే లేచి దీపం పెట్టమంటారు.

ఆ రోజుల్లోనే ధనలక్ష్మి పక్క కుర్చీలో కీమో ఎక్కించుకునే ఇంకొకామె ఉండేది. రాణి, ఎన్నూరు నుంచి వచ్చేది. ఉప్పుటేట్లో చేత్తో తడిమి రొయ్యలు పట్టే మనిషి. తల మీద గుడ్డ కూడా కప్పుకోకుండా ఆ బోడి తలతోనే బస్సెక్కేది. ఎవరైనా చూస్తే “కేన్సరు! ఏం, నువ్వు చూడలేదా?” అని వాళ్ళనే అడిగేది. ప్రతిసారీ ఒక కొత్త పొరుగామె తోడుగా వచ్చేది, వంతుల ప్రకారం. నాకు ఆమె అరుపులు కాస్త చిరాకుగా ఉండేవి. ధనలక్ష్మి గుట్టు, మర్యాద నచ్చేవి. మేం పురసవాక్కంలో బట్టల కొట్టు గుమాస్తా పిల్లలం, మా ఇళ్ళల్లో గుట్టుకే మార్కులు.

ఒకసారి రాణి ధనలక్ష్మిని అడిగింది. “అక్కా, మందేసిన వారం నీకు ఇంట్లో ఎవరు వండి పెట్టేది?”

ధనలక్ష్మి నవ్వి ఊరుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. పెద్ద మేడం నాకు మొదటి రోజు నేర్పిన ప్రశ్న అది. నా బదులు రొయ్యలు పట్టే ఆమె అడిగింది, జవాబు రాలేదని కూడా నేను గమనించుకోలేదు.

సరస్వతి పూజ

మూడో విడత మందు ఇచ్చినప్పుడు ధనలక్ష్మి చేతిలో ఒక కార్డు పెట్టాను. ప్రతిసారీ ఇచ్చేదే. మందు వేసిన పది రోజులకి ఒంట్లో రోగంతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే ఇంట్లో మాత్రలు మింగి కూర్చోకూడదు, ఏ వేళైనా సరే ఆసుపత్రికి రావాలి. తెలుగులో నేనే రాసిన కార్డు. ఆమె బ్లౌజులో దోపుకుంది.

ఆ పదో రోజు మహర్నవమి, సరస్వతి పూజ. నేను క్యాలెండరు చూడలేదు.

మా చెన్నైలో వ్యాపారుల ఇళ్ళల్లో ఆ పూజ ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. దుకాణానికి పసుపు కుంకుమలు, బొమ్మల కొలువు, సాయంత్రం పేరంటం, గుగ్గిళ్ళు, పనివాళ్ళందరికీ భోజనం. ఏటా ఇంట్లో అందరూ కలిసి చేసేవాళ్ళు. ఆ ఏడు అలివేలమ్మ కోడలితో అందట: “సామికి తలిచ్చిన దానివి. ఈసారి నైవేద్యం అంతా నీ చేత్తోనే కావాల.”

ముందు రోజు సాయంత్రమే జ్వరం తగిలిందని తర్వాత సరళ చెప్పింది. భర్తకు కూడా చెప్పలేదు, చెబితే ఆయన ఆటో పిలుస్తాడని. రెండు మాత్రలు వేసుకుంది. సరళ “ఒళ్ళు కాలతా ఉందక్కా, పో, పడుకో, నేను చూసుకుంటా” అంటే, “పొయ్యి సెగ” అని ఆమెను పక్కకు నెట్టింది. పూజ రోజంతా నిలబడి వండింది. మర్నాడు విజయదశమికి మళ్ళీ చుట్టాలు. మూడో రోజు పొద్దున పొయ్యి ముందే పడిపోయింది.

ఐసీయూలో నాలుగు రోజులు ఉంది. రక్తమంతా విషమైందన్నారు. రెండో రోజు నన్ను లోపలికి రానిచ్చారు. మాస్కు పెట్టారు, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. కాటుకతో దిద్దుకున్న కనుబొమలు చెరిగి చెంపల మీదికి వచ్చాయి. మందుకి అవి కూడా రాలిపోయాయి కదా. నా చెయ్యి లాగి ఏదో అంది. వంగి విన్నాను.

“అత్తకి చెప్పొద్దు మేడం.”

అప్పటికే డాక్టర్లు ఇంట్లో అందరికీ కేన్సర్ అని చెప్పేశారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేను “చెప్పను” అన్నాను. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

వరండాలో

ధనలక్ష్మి పోయిన రోజు వరండాలో అలివేలమ్మను మొదటిసారి చూశాను. చిన్న మనిషి. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఎవరితోనో కాదు, తనలో తాను మాట్లాడుకుంటోంది.

“జబ్బు నయం చెయ్యమనే కదా తలిచ్చింది. నా కాడ కూడా దాచి ఆయన కాడికే పోయింది కదా. మూడు కత్తెర్లు కాదే, మొత్తం ఇచ్చింది. ఇచ్చినది తీసుకోని, దాన్నీ తీసుకున్నాడు. ఇంక ఆ కొండకి నా కాళ్ళెక్కవు.”

నేను అక్కడే నిలబడ్డాను. మొక్కు లేదు, స్వామి లేడు, ఆ గుండు నా బుర్రలో పుట్టిందని చెప్పాలి. నోరు రాలేదు. గురుమూర్తి నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆయనా చెప్పలేదు. నా తప్పు దేవుడి నెత్తిన పడింది, నేను పడనిచ్చాను.

సరళ నా దగ్గరికి వచ్చి ఒక్క మాట అంది. “నాకు తెలిసుంటే ఆ గరిటె నేను పట్టుకునేదాన్ని కదా మేడం. అంతే కదా కావాల్సింది.”

అంతే. ఆమె బతకడానికి మందు కావాలి, డాక్టరు కావాలి, అవి రెండూ ఉన్నాయి. గరిటె అందుకునే ఒక చెయ్యి కూడా కావాలి. అదీ ఉంది, పక్కనే నిలబడి ఉంది. దానికి అడ్డంగా నేను తిరుపతి కొండను తెచ్చి పెట్టాను.

వారం తర్వాత పెద్ద మేడం ఫైలు తెప్పించుకుని చదివింది. తిడుతుందని తయారుగా ఉన్నాను. “వీట్టుకు పోనియా?” అంది. ఇంటికి వెళ్ళావా అని. లేదన్నాను. ఫైలు మూసి నాకిచ్చేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గొడుగు చప్పుడు నాకు గుర్తుంది.

కొత్తవాళ్ళతో

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ నా చేతులు కాదు కదా కాలింది. గుట్టుగా ఉంచమని ఏ పేషెంటు అడిగినా, “సరే, ఇంట్లో ఒక ఆడమనిషి పేరు చెప్పు. ఆమెకు మాత్రం చెబుదాం” అనేదాన్ని. ఒక్క పేరైనా చెప్పేవరకూ వదిలేదాన్ని కాదు. కొందరికి కోపం వచ్చేది. రానివ్వండి.

గుట్టు తప్పు అనడం లేదు నేను. వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇల్లు, వాళ్ళ భయం. దాచుకునే హక్కు వాళ్ళకుంది. కానీ దాపరికానికి సాయం చేసేటప్పుడు, దానితో పాటు ఆమె పని ఎవరు చేస్తారో కూడా చూడాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగే నోరే మనం కుట్టేస్తే, పక్కనున్న అమ్మ మాత్రం ఏం చేస్తుంది?

ఇంకో మాట. పేషెంటు నవ్వితే మన పని అయిపోయిందనుకోకండి. మన ఉపాయం విని ఆమె నవ్వుతుంది, మనకు కడుపు నిండుతుంది. ఈ ఉద్యోగంలో నేను చూసిన ప్రమాదాల్లో ఇది పెద్దది. ఫైలులో ఎక్కడా రాయరు.

రాణికి అయిదేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆమె కూడా పోయింది. చివరి రోజుల్లో నేను ఎన్నూరు వెళ్తే, ఆ ఒక్క గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒకామె కాళ్ళు పడుతోంది, ఒకామె గంజి తాగిస్తోంది, ఇద్దరు గొడవపడుతున్నారు. రాణి ఆ గొడవలో తీర్పు చెప్తోంది.

మెట్లు

కీర్తన ఫోన్ వచ్చిన తర్వాత రెండు రోజులు నిద్ర సరిగ్గా లేదు. ధనలక్ష్మి “అత్తకి చెప్పొద్దు” అన్న మాటను అడ్డం పెట్టుకుని తొమ్మిదేళ్ళు దాక్కున్నాను. ఆమె దాచమన్నది జబ్బును. నేను దాచింది నన్ను. మూడో రోజు సరళ నంబరు వెతికి ఫోన్ చేశాను. “రండి మేడం. అత్తకి ఎనభై దాటింది, జ్ఞాపకం బాగుంది. తిరుపతి మాట మాత్రం ఎత్తొద్దు, ఆమె కొండకి పోవడం మానేసి ఇన్నేళ్ళయింది,” అంది.

ఎత్తడానికే వెళ్తున్నానని చెప్పలేదు.

తోపుడు బళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని ఆ వీధిలోకి వెళ్ళాను. కింద దుకాణంలో శుభలేఖల కట్టలు. పక్కన చీకటి మెట్లు. నా మోకాళ్ళు ఇప్పుడు అంత మంచివి కావు, ఆగి ఆగి ఎక్కాను. అలివేలమ్మ వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. సరళ కాఫీ ఇచ్చి పక్కన నిలబడింది.

సుత్తి లేకుండా చెప్పేశాను. “అమ్మా, ధనలక్ష్మిని తిరుపతి వెళ్ళమని చెప్పింది నేను. మొక్కేమీ లేదు. మందుకి జుట్టు రాలుతుంది, అది మీకు తెలియకూడదని నేను చెప్పిన సాకు అది.”

ఆమె చేతిలో తిరుగుతున్న జపమాల ఆగింది.

“సామికి మొక్కుకోలేదా అది?”

“లేదమ్మా.”

“అయితే ఆయన్ని ఇన్నేళ్ళు ఊరికే తిట్టినానా?”

“నన్ను తిట్టాల్సింది.”

ఆమె తిట్టలేదు. “నాకెందుకు తెలియకూడదు?” అని అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. దారి పొడుగునా ఒక అబద్ధం సిద్ధం చేసుకుంటూనే వచ్చాను, ముసలామెకు ఈ వయసులో ఎందుకీ బరువని. సరళ వైపు చూశాను. ఆ అబద్ధం కూడా నా పాత ఉపాయాల్లో ఒకటే అనిపించింది.

“వేరే ప్లేటు పెడతారని భయపడింది. మీ అక్కగారికి పెట్టినట్టు. వంటింట్లోంచి పంపేస్తారని.”

“ఏ ప్లేటు?” అంది. అంతలోనే గుర్తొచ్చింది. చేతిలో ఉన్న జపమాల పక్కన పెట్టింది.

“ఆ ప్లేటు నేను పెట్టింది కాదమ్మా. మా అక్కే తెచ్చుకునింది. పిల్లకాయలుండే ఇల్లు, నా ఎంగిలి ఎవురికీ తగలకూడదని పట్టుబట్టింది. డాక్టరు అంటుకునేది కాదని చెప్పినాడు, నేనూ చెప్పినా, వినలా. వంటింట్లోకి రావే అని ఎన్నిసార్లు ఏడ్చినానో. గడప దాటలా. అందురూ కింద అంగట్లో ఉన్నప్పుడు, మద్దేనం, ఆ ప్లేట్లోనే దాంతో కూడా కూర్చోని తినేదాన్ని నేను. ఒక ముద్ద అది, ఒక ముద్ద నేను. కోడలు కొత్తది, దానికెట్లా తెలస్తాది? అది అడగలా. నేను చెప్పలా.”

సరళ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోటాలో కాఫీ అలాగే ఉంది. అలివేలమ్మ కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

“నువ్వొక్కసారి వచ్చి అడిగుంటే చెప్పుందును కదమ్మా. ఈ మెట్లెక్కి ఒక్కసారి రాకూడదా?”

పద్దెనిమిది మెట్లు. దిగేటప్పుడు లెక్కపెట్టాను.